వెనక చక్రం బేరింగులు రెండుసార్లు పోయిన పాలబండి

బండి 100 సీసీది. స్పోకుల చక్రాలు, వెనక డ్రమ్ బ్రేకు. కంపెనీ పేరు చెప్పను, ఈ జబ్బుకు కంపెనీతో పని లేదు. యజమాని నున్న వైపు నుంచి పాలు తెచ్చి విజయవాడ సింగ్ నగర్, పాయకాపురంలో ఇళ్లకు పోస్తాడు. నాకన్నా చాలా పెద్దవాడు, బాబాయ్ అని పిలుస్తాను. సీటుకు అటొకటి ఇటొకటి నలభై లీటర్ల క్యాన్లు, తెల్లారకముందే బయల్దేరే బండి. అది ఆగితే ఆయన సంపాదనే కాదు, ఆ వీధుల్లో కాఫీలు కూడా ఆగుతాయి.

బాబాయ్ చెప్పింది ఇంతే: "నలభై దాటితే వెనకాల పిండిమర ఆడినట్టుందబ్బాయ్. మలుపులో తోక ఊగుతోంది." ఈ మోత కోసం అప్పటికే ఇంకోచోట రెండుసార్లు డబ్బు పెట్టాడు. మొదట చైన్ స్ప్రాకెట్ సెట్టు మార్చారు, మోత అలాగే ఉంది. తర్వాత వెనక చక్రం బేరింగులు మార్చారు, అప్పుడు తగ్గింది. నెలన్నర తిరక్కుండా మళ్లీ మొదలైంది, ముందుకన్నా ఎక్కువగా. అడిగితే అక్కడ చెప్పిన కారణం ఒకటే: అంత బరువు వేస్తే ఏ బేరింగు ఆగుతుంది అని. బాబాయ్ నమ్మేశాడు కూడా. చిన్న క్యాన్లు కొని రెండు ట్రిప్పులు తిరగాలేమోనని పెట్రోలు లెక్క వేసుకుంటున్నాడు.

నాకు ఆ మాట మింగుడు పడలేదు. కాగితం మీద లెక్క వేసి చూపించాను. ఆ లెక్క ఇక్కడా రాస్తున్నాను, ఎందుకంటే "ఓవర్‌లోడు" అనే మాట మా మెకానిక్కుల వృత్తిలో చాలా తప్పుల్ని కప్పేస్తుంది.

బరువు లెక్క

ఈ బండి వెనక హబ్‌లో, అంటే చక్రం నడిమి దిమ్మలో, రెండు 6301 బేరింగులు. లోపలి రంధ్రం 12 మి.మీ., బయటి వ్యాసం 37, మందం 12. స్ప్రాకెట్ క్యారియర్‌లో, అంటే చైన్ పళ్లచక్రాన్ని మోసే ముక్కలో, ఇంకొకటి, 6203. దాని కొలతలు 17, 40, 12. నంబరులో చివరి రెండంకెలే రంధ్రం సైజు. 00 అయితే 10 మి.మీ., 01 అయితే 12, 02 అయితే 15, 03 అయితే 17. 04 నుంచి పైకి ఐదుతో గుణిస్తే సరిపోతుంది. అందుకే బేరింగు కొట్లో పాత ముక్క చూపించక్కర్లేదు, నంబరు చెబితే చాలు.

6301కి కేటలాగుల్లో రాసే డైనమిక్ లోడు దాదాపు వెయ్యి కిలోలు. దాని అర్థం, అంత బరువు మీద కూడా నూటికి తొంభై బేరింగులు పది లక్షల చుట్లు తిరుగుతాయని. ఇలాంటి గుండ్ల బేరింగులో బరువు సగం చేస్తే ఆయుష్షు రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు అవుతుంది. ఇప్పుడు బాబాయ్ బండి. రెండు క్యాన్ల నిండా పాలు, క్యాన్ల బరువుతో కలిపి వంద కిలోలకు అటూ ఇటూ. మనిషి, బండి వెనక వాటా కలిపితే వెనక చక్రం మీద 250 అనుకుందాం. ఒక్కో బేరింగుకు 125, అంటే వెయ్యిలో ఎనిమిదో వంతు. ఎనిమిది ఎనిమిదులు అరవై నాలుగు, మళ్లీ ఎనిమిదితో 512. పది లక్షల చుట్లకు అన్ని రెట్లు, అంటే 51 కోట్ల చుట్లు. 18 అంగుళాల చక్రం ఒక్క చుట్టుకు దాదాపు 1.9 మీటర్లు వెళ్తుంది. తొమ్మిది లక్షల కిలోమీటర్లు దాటింది. సరే, గుంతలున్నాయి, స్పీడు బ్రేకర్లున్నాయి, చైన్ లాగుడుంది. బరువు రెట్టింపే వేసుకుందాం. ఆయుష్షు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అయినా లక్షా ఇరవై వేల కిలోమీటర్లు.

నెలన్నరలో పాలబండి అంత తిరగదు. కాబట్టి బేరింగును చంపింది బరువు కాదు. మరి ఏమిటి?

నేనడిగిన మొదటి ప్రశ్న, వరదలో బండి మునిగిందా అని. బాబాయ్ నవ్వాడు. సింగ్ నగర్‌లో మునగని బండి ఏదో చెప్పమన్నాడు.

నీళ్లలో నిలబడ్డ బేరింగు

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు నీళ్లు సింగ్ నగర్ మీదికి వచ్చాయి. బండి సందులో సీటు దాటి మునిగి, రోజుల తరబడి అలాగే ఉండిపోయింది. నీళ్లు తీశాక మెకానిక్కులందరం చేసిన పని దాదాపు ఒకటే. ఇంజన్ ఆయిలు మార్చడం, కార్బురేటర్ కడగడం, ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గు, ట్యాంకులో నీళ్లు తీయడం, డ్రమ్ముల్లో బురద కడగడం. షాపు ముందు బండ్లు వరసలు కట్టి ఉంటే అంతకన్నా లోతుకు వెళ్లే తీరిక ఎవరికీ లేదు. స్టార్ట్ అయితే దండం పెట్టుకుని తీసుకెళ్లిన రోజులవి. చక్రాల బేరింగులు చూడమని అడిగినవాళ్లూ తక్కువే, చూసినవాళ్లూ తక్కువే.

బేరింగుకు రెండు పక్కలా ఉండే రబ్బరు సీలు వానకు, చక్రం చిమ్మే నీళ్లకు సరిపోతుంది. రోజుల తరబడి నీటి అడుగున ఉండటానికి చేసింది కాదు. సన్నగా లోపలికి దిగిన నీరు గ్రీజుతో కలుస్తుంది, గ్రీజు తెల్లగా తిరుగుతుంది. చక్రం తిరుగుతూ ఉంటే ఆ నీరు కాస్త అటూ ఇటూ సర్దుకుంటుంది. నిలబడి ఉంటే మాత్రం గుండు, అది పరిగెత్తే రేసు (ఉక్కు వలయం) తాకే చోటే తుప్పు పడుతుంది. ఆ వెంటనే మోత రాదు. బండి మళ్లీ రోడ్డెక్కాక తుప్పు పొడి గ్రీజులో కలిసి, సానపట్టినట్టు రేసును అరగదీసి, కొన్ని నెలల తర్వాత బయటపడుతుంది. అప్పటికి వరద సంగతి ఎవరికీ గుర్తుండదు.

వాటర్ సర్వీసింగులో గన్ను తీసుకెళ్లి యాక్సిల్ దగ్గర పెట్టి కొట్టినా ఇదే జరుగుతుంది, కాకపోతే మెల్లగా.

విప్పకముందు

మోత ఎక్కడిదో తేల్చకుండా పానా పట్టకూడదు. బాబాయ్ బండికి చైన్ స్ప్రాకెట్ సెట్టు ఊరికే మారింది అందుకే.

క్యాన్లు దింపి సింగ్ నగర్ ఫ్లైఓవర్ దాకా ఓ చుట్టు వేసొచ్చాను. స్పీడులో క్లచ్ పట్టి ఇంజన్ మోత తగ్గించినా వెనక గుయ్‌మనే శబ్దం అలాగే ఉంది, బండి వేగంతో పాటే పెరిగి తగ్గుతోంది. కాబట్టి ఇంజన్ కాదు. బండిని కాస్త ఎడమకు వాల్చితే మోత ముదిరింది, కుడికి వాల్చితే తేలికైంది. టైరు మోత అయితే రోడ్డు మారినప్పుడు మారుతుంది, సిమెంటు రోడ్డు మీద ఒకలా, తారు రోడ్డు మీద ఒకలా. ఇది రోడ్డును పట్టించుకోలేదు.

షాపుకొచ్చి సెంటర్ స్టాండు వేసి, చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని అటూ ఇటూ ఊపాను. టక్ టక్ మని ప్లే, అంటే వదులు, తెలుస్తోంది. ఇక్కడ చాలామంది పొరబడతారు. స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఫ్రేముకు కలిపే చేయి) బుష్షులు పోయినా చక్రం ఇలాగే ఊగుతుంది. మా కుర్రాణ్ణి స్వింగ్ ఆర్మ్ మొదట్లో, ఫ్రేముకు అతికే చోట, వేలు ఆనించి ఉంచమన్నాను. ఫ్రేముకీ స్వింగ్ ఆర్మ్‌కీ మధ్య కదలిక వేలికి తగిలితే బుష్షు, అక్కడ కదలకుండా చక్రం మాత్రమే కదిలితే బేరింగు. "ఇక్కడేం లేదన్నా" అన్నాడు. తర్వాత స్ప్రాకెట్‌ను రెండు చేతులతో పట్టి ఊపితే అదీ కదిలింది. చైన్ టెన్షన్ కూడా ఒక చోట బిగువు, ఒక చోట వదులు. స్ప్రాకెట్ కొత్తదే కాబట్టి, అది కూర్చున్న చోటే సరిగా లేదన్నమాట.

చివరిది, పెద్ద స్క్రూడ్రైవర్ మొనను యాక్సిల్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టి, చక్రాన్ని చేత్తో తిప్పడం. కుడి వైపు సన్నగా గరగర. ఎడమ వైపు వింటే పళ్లు పులిసిపోయాయి.

విప్పుతుంటే కనిపించినవి

యాక్సిల్ నట్టుకు పానా వేయగానే పెద్ద బలం లేకుండా వచ్చేసింది. అది నాకు నచ్చలేదు. ఇంత బరువు మోసే బండి వెనక నట్టు అంత తేలిగ్గా రాకూడదు. బేరింగులు మార్చినవాళ్లు కావాలనే సగం బిగించి వదిలేశారేమో అని అప్పుడే అనుమానం తగిలింది. పూర్తిగా బిగిస్తే చక్రం పట్టేస్తోంది కాబట్టి, పట్టని చోట ఆపి ఉంటారు. ఆ పట్టెయ్యడం ఎందుకో ఎవరూ అడగలేదు.

బ్రేకు ప్లేటు యాంకర్ రాడ్డుకు ఉండాల్సిన స్ప్లిట్ పిన్ను లేదు. అది ఊడి రాడ్డు జారిందంటే బ్రేకు తొక్కగానే ప్లేటు చక్రంతో పాటు తిరిగిపోతుంది, చక్రం లాక్ అవుతుంది. రూపాయిల్లో దొరికే పిన్ను. ముందు అది రాసుకున్నాను.

చక్రం బయటికి తీశాక బ్రేకు ప్లేటు తీసి, డ్రమ్‌లోని దుమ్మును తడిగుడ్డతో తుడిచాను. నోటితో ఊదడం మా షాపులో నిషేధం, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోవాల్సిన సరుకు కాదు. స్ప్రాకెట్ క్యారియర్ ఎత్తితే డంపర్ రబ్బర్లు మెత్తబడి ఖాళీలు వచ్చాయి. క్యారియర్ కాలరు (యాక్సిల్ మీద తొడిగే పొట్టి గొట్టం) మీద సీలు పెదవి తిరిగిన చోట గోటికి తగిలేంత గాడి.

హబ్‌లో వేలు పెట్టి రెండు బేరింగుల లోపలి రేసుల్ని తిప్పాను. మంచి బేరింగు వేలికి ఏమీ చెప్పదు, మెత్తగా తిరుగుతుంది. కుడిది అక్కడక్కడా ఆగి తిరిగింది. ఎడమది తిరగడం కాదు, ఇసుక నలిగింది.

పాత బేరింగు తీయడానికి పొడుగు రాడ్డును ఒక వైపు నుంచి దూర్చి, మధ్యలో ఉన్న స్పేసర్ గొట్టాన్ని కాస్త పక్కకు జరిపి, అవతలి బేరింగు లోపలి రేసు అంచు మీద కొట్టాలి. ఒకచోటే కొట్టకుండా చుట్టూ మారుస్తూ కొడితే వంకర పోకుండా వస్తుంది. ఇలా తీసిన బేరింగు మళ్లీ పనికిరాదు, ఎంత కొత్తదైనా సరే, దెబ్బలన్నీ గుండ్ల మీదుగానే వెళ్లి ఉంటాయి. కుడిది నాలుగు దెబ్బలకు గట్టిగా వచ్చింది. ఎడమది సుత్తి ఎత్తేలోపే రాలినట్టు వచ్చింది. హబ్‌లో అది కూర్చునే గూడు మెరుస్తోంది. బేరింగు లోపల బిగుసుకుపోయి, బయటి రేసే గూట్లో తిరిగిందని దాని అర్థం.

రెండు సెట్లు, రెండు చావులు

ఈ కేసులో నాకు కలిసొచ్చింది బాబాయ్ పొదుపు. మొదటిసారి మార్చిన పాత బేరింగుల్ని ఆయన పారేయలేదు. పాలిథిన్ కవర్లో చుట్టి సీటు కింద పెట్టుకున్నాడు, ఇనప సామాన్ల వాడికి వేద్దామని. అంటే నా దగ్గర వరదలో మునిగిన సెట్టూ ఉంది, నెలన్నరలో పోయిన సెట్టూ ఉంది. రెండింటినీ వైసులో పట్టి గ్రైండరుతో బయటి రేసు కోసి విప్పాను. కోసేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి. బేరింగు ఉక్కు పెళుసు, ముక్క లేస్తే కన్ను పోతుంది.

మొదటి సెట్టులో గ్రీజు ఇటుక రంగు. తుడిచి చూస్తే లోపలి రేసు గాడిలో చిన్న చిన్న గుంటలు. అవి ఎక్కడ పడితే అక్కడ లేవు. గుండుకూ గుండుకూ ఎంత దూరమో సరిగ్గా అంతే దూరంలో ఒక్కొక్కటి, గాడికి నట్ట నడుమ. తిరిగే బేరింగులో తుప్పు ఇలా వరసగా పడదు. కదలకుండా నిలబడి ఉన్నప్పుడు ఏ గుండు ఎక్కడ ఆనిందో అక్కడే తుప్పు తినేసింది. ఇది బుడమేరు పని, అనుమానం లేదు.

రెండో సెట్టు కథ వేరు. గుంటలు లేవు, ఎర్ర తుప్పూ లేదు. గ్రీజు తారులా నల్లబడి గట్టిపడింది. సీలు పెదవి కాలి ముడుచుకుంది. ఎడమ బేరింగు కేజి, అంటే గుండ్లను ఎడంగా పట్టే చట్రం, తునిగింది. లోపలి రేసు కాస్త గడ్డిరంగుకు తిరిగింది, బాగా వేడెక్కితేనే ఉక్కుకు ఆ రంగు వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది గుండ్లు పరిగెత్తిన దారి. మామూలుగా చక్రం బేరింగులో ఆ దారి గాడి మధ్యలో ఉంటుంది. ఇందులో లోపలి రేసు మీద దారి బయటి ముఖం వైపు అంచుకెక్కింది, బయటి రేసు మీద హబ్ లోపలి వైపు అంచుకెక్కింది. కుడి బేరింగులోనూ అంతే, అద్దంలో చూసినట్టు తిరగేసి. అంటే రెండు లోపలి రేసుల్నీ ఎవరో రెండు పక్కల నుంచి హబ్ మధ్యకు నొక్కుతున్నారు. ఆ నొక్కేది యాక్సిల్ నట్టు. ఆ నొక్కుడుకు అడ్డం నిలబడాల్సింది స్పేసర్.

మా కుర్రాడికి ఈ నాలుగు బేరింగుల్ని పక్కపక్కన పెట్టి చూపించాను. పాత బేరింగును డబ్బాలో వేసేముందు ఒకసారి కోసి చూడటం అలవాటు చేసుకోమన్నాను. కొత్తది ఎన్నాళ్లుంటుందో పాతదే చెబుతుంది.

స్పేసర్

రెండు బేరింగుల మధ్య హబ్‌లో ఒక గొట్టం ఉంటుంది. బయటికి కనపడదు, అరగదు, తిరగదు, అందుకే దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. యాక్సిల్ నట్టు బిగించినప్పుడు ఆ బలమంతా కాలరు, లోపలి రేసు, స్పేసర్, అవతలి లోపలి రేసు, అవతలి కాలరు అనే వరసలో వెళ్లాలి. ఇవన్నీ ఒకదానికొకటి ఆని ఒకే కడ్డీలా బిగుసుకుంటాయి. గుండ్ల మీద ఆ బలంలో ఇసుమంతైనా పడకూడదు. స్పేసర్ పొట్టిదైతే లోపలి రేసులు ఒకదానివైపు ఒకటి జరుగుతాయి. బయటి రేసులు మాత్రం హబ్‌లోని భుజాలకు, అంటే గూళ్ల అడుగు మెట్లకు, ఆని కదలవు. మధ్యలో నలిగేది గుండ్లు. 6301 లాంటి బేరింగులో పక్కకు ఉండే సందు మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూ. అది అయిపోయాక నూలు పోగంత జరిగినా గుండ్ల మీద బలం టన్నుల లెక్కన పడుతుంది. పాల క్యాన్లు పెట్టలేని బరువు, పానా ఒక్క మలుపులో పెడుతుంది.

ఈ బండి స్పేసర్ ఒక చివర మొద్దుబారి ఉంది, రెండో చివర గ్రైండింగు గీతలు. జరిగింది ఊహించడం కష్టం కాదు. వరద తుప్పుకు పాత బేరింగు రాక మొరాయించింది, స్పేసర్ చివర మీదే సుత్తి పడింది, అంచు విప్పుకుని కొత్త బేరింగు కూర్చోలేదు, గ్రైండరు మీద పెట్టి అంచు చదును చేశారు. వెర్నియర్‌తో హబ్ మొత్తం వెడల్పు కొలిచి, అందులోంచి రెండు వైపులా గూళ్ల లోతు తీసేశాను. భుజానికీ భుజానికీ మధ్య దూరం వచ్చింది. స్పేసర్ దానికన్నా దాదాపు అర మిల్లీమీటరు పొట్టి. పైగా గ్రైండు చేసిన చివర ఏటవాలుగా ఉంది, గాజు పలక మీద నిలబెడితే వాలిపోతోంది.

ఆటోనగర్‌లో లేత్ మేస్త్రి దగ్గరకు పంపితే కొత్తది చేసిస్తాడు, రెండు చివర్లూ చదునుగా, సమానంగా. వాళ్ల పనితనం మీద నాకు అనుమానం లేదు. కానీ కంపెనీ స్పేసర్ దొరికేటప్పుడు లేత్ పని దండగ. స్పేర్ల కొట్లో కొత్తది తెప్పించి, అది కూడా కొలిచే తీసుకున్నాను. భుజాల మధ్య దూరం కన్నా పిసరంత పొడవుంది. అలాగే ఉండాలి.

బేరింగుల దగ్గర ఒక్క మాట. మంచి కంపెనీ పేరుతో నకిలీవి వస్తున్నాయి. అట్ట పెట్టె చూసి మోసపోవద్దు. రేసు మీద అక్షరాలు సన్నగా, స్పష్టంగా ఉన్నాయా, వేలితో రుద్దితే చెరిగిపోతున్నాయా, సీలు అంచు చుట్టూ ఒకేలా కూర్చుందా చూడండి. తెలిసిన కొట్లో, బిల్లుతో కొనడం అన్నిటికన్నా మంచిది. రెండు వైపులా రబ్బరు సీలున్న 2ఆర్ఎస్ రకమే తీసుకున్నాను. రేకు మూతల జడ్‌జడ్ రకం చవక, మన వానాకాలం రోడ్లకు అది చాలదు.

బిగింపు

కుడి వైపు గూడు బిగువుగా, ఆరోగ్యంగా ఉంది. అక్కడ సుత్తి వాడలేదు. కొత్త బేరింగును ముందు రోజు రాత్రే పక్క సోడా కొట్టు ఫ్రీజర్లో, కవర్లో చుట్టి పెట్టించాను. హబ్‌ను హాట్ ఎయిర్ గన్‌తో చుట్టూ తిప్పుతూ, నీటి చుక్క వేస్తే చుయ్యిమనే దాకా వేడిచేశాను. అల్యూమినియం ఉక్కుకన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 37 మి.మీ. గూడు 65 డిగ్రీలు వేడెక్కితే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు పెరుగుతుంది, ఫ్రీజర్లోని బేరింగు అందులో సగం దాకా కుంచించుకుంటుంది. బేరింగుకూ గూటికీ మధ్య బిగువంతా ఆ తేడాలోనే మాయమవుతుంది. బేరింగు ముఖం తుడిచి గూటి మీద పెట్టి బొటనవేళ్లతో నొక్కితే దిగి, భుజానికి తగిలి టక్ మంది. గ్యాస్ మంట మాత్రం పెట్టకండి, హబ్ ఒక పక్కే కాలి వంకర పోతుంది.

ఎడమ గూడు తిరిగి అరిగింది కదా. చల్లటి హబ్‌లోనే కొత్త బేరింగు బొటనవేలికి సగం దాకా దిగిపోతోంది. ఇలాంటి చోట గూటి గోడ మీద పంచ్‌తో చుక్కలు కొట్టడం, కూల్‌డ్రింక్ టిన్ను రేకు కత్తిరించి చుట్టడం చూస్తుంటాం. చుక్కల మొనలు కొద్దిరోజుల్లో అణిగిపోతాయి. రేకు ఒక పక్క మందమై బేరింగు మధ్య నుంచి తప్పుతుంది. రెండూ నాకు ఇష్టం లేదు. ఖాళీ ఎక్కువుంటే హబ్ మార్చాలి, లేదా లేత్ మీద గూడు పెంచి స్లీవు వేయించాలి. ఇక్కడ ఖాళీ మిల్లీమీటరులో పదో వంతు కూడా లేదు, కోలగా కూడా సాగలేదు. కాబట్టి రిటైనింగ్ కాంపౌండు (గూట్లో బేరింగును పట్టి ఉంచే జిగురు) చాలనుకున్నాను. గూటిని పెట్రోలుతో నూనె జిడ్డు లేకుండా తుడిచి, ఆరాక, కాంపౌండును పలుచగా గూటి గోడకే రాశాను, బేరింగుకు కాదు. బేరింగుకు రాస్తే సీలు మీదికి కారి లోపలికి పోతుంది.

ముందు స్పేసర్ దూర్చాలి. నవ్వకండి, స్పేసర్ మర్చిపోయి రెండో బేరింగు వేసేసిన చక్రాలు నా దగ్గరికొచ్చాయి. ఎడమ బేరింగును లాగడానికి 12 మి.మీ. థ్రెడ్ రాడ్డు, రెండు నట్లు, రెండు మందపాటి వాషర్లు వాడాను. వాషరు 36 మి.మీ. ఉంటే లోపలి రేసునూ, బయటి రేసునూ ఒకేసారి నొక్కుతుంది, గూట్లోకి దూరుతుంది, గుండ్లకు బాధ ఉండదు. నట్టు కొద్దికొద్దిగా తిప్పుతూ, మధ్యమధ్యలో ఆపి, స్పేసర్ కదులుతోందా అని చూస్తూ పోవాలి. లోపలి రేసు స్పేసర్‌కు ఆనగానే పానాకు తేడా తెలుస్తుంది. అక్కడ ఆపేయాలి. ఎడమ బయటి రేసు భుజానికి తగలదు, కాస్త ఇవతలే ఉంటుంది. "ఇంకా దిగలేదన్నా" అని సుత్తి అందుకున్నాడు మా కుర్రాడు. చేయి పట్టుకుని ఆపాల్సొచ్చింది. ఏ వైపు బేరింగు ముందు వేయాలనేది బండిని బట్టి మారుతుంది. దీనికి డ్రమ్ వైపు ముందు.

చక్రం బండికి ఎక్కించే ముందు నేను తప్పకుండా చేసే పరీక్ష ఒకటుంది. చక్రాన్ని విడిగానే ఉంచి, యాక్సిలూ కాలర్లూ వేసి, నట్టును వదులుగా పెట్టి చక్రాన్ని తిప్పుతాను. తర్వాత పూర్తిగా బిగించి మళ్లీ తిప్పుతాను. రెండుసార్లూ ఒకేలా తిరగాలి. బిగించాక బరువెక్కితే స్పేసర్ పొట్టి. బిగించాక కూడా ప్లే ఉంటే ఏదో కాలరు అరిగింది. ముందు పాత స్పేసర్‌తో చేసి ఉంటే అప్పుడే దొరికిపోయేది. ఈ చక్రం రెండుసార్లూ ఒకేలా తిరిగింది.

క్యారియర్‌లో 6203, కొత్త కాలరు, సీలు, డంపర్ రబ్బర్లు వేసి పక్కన పెట్టాను. కాంపౌండు పూర్తిగా గట్టిపడటానికి ఒక రోజు కావాలి. బాబాయ్ మొహం మాడ్చాడు, తెల్లవారితే పాలు. ఆ పూటకు షాపు బండి ఇచ్చి పంపాను.

మర్నాడు చక్రం ఎక్కించి, స్వింగ్ ఆర్మ్ మీద రెండు వైపుల గుర్తులూ ఒకే గీతకు తెచ్చి, చైన్‌కు పాతిక మిల్లీమీటర్ల వదులు ఉంచి, నట్టును టార్క్ రెంచితో మాన్యువల్లో చెప్పినంత బిగించాను. యాంకర్ రాడ్డుకు కొత్త స్ప్లిట్ పిన్ను. మొత్తం బిల్లు ఆయన అనవసరంగా వేయించుకున్న చైన్ స్ప్రాకెట్ సెట్టు కన్నా తక్కువే అయింది.

తర్వాత

నిండు క్యాన్లతోనే ఓ ట్రిప్పు వేసి నేరుగా షాపుకు రమ్మన్నాను. బ్రేకు ఎక్కువ వాడకుండా వస్తే యాక్సిల్ చివర్ల వేడి చూసి చెప్పొచ్చు. రెండు చివర్లూ చేతికి గోరువెచ్చగా ఉన్నాయి, సమానంగా. మోత లేదు. ఆ తర్వాత ఆయిలు మార్చడానికి వచ్చినప్పుడల్లా స్టాండు వేసి ఊపి చూస్తున్నాను, ఎడమ గూట్లో కదలిక లేదు. మళ్లీ వదులైతే మాత్రం ఈసారి కాంపౌండు వేయను, హబ్ మార్చాల్సిందే. ఆ మాట ముందే చెప్పి బిల్లు మీద రాసిచ్చాను.

ముందు చక్రం కూడా అదే నీళ్లలో మునిగింది కదా అని అడిగి, దాన్నీ విప్పాను. మోత ఇంకా రాలేదు గానీ సీలు ఎత్తగానే అదే ఇటుక రంగు గ్రీజు. రెండు బేరింగులూ మార్చాను. హ్యాండిలు తిరిగే చోటి బేరింగులు, అంటే కోన్ సెట్టు, నడిమధ్యలో పట్టేస్తోంది, అదీ వరద ఖాతాలోదే. దసరా పూజ లోపల చేయించుకుంటానన్నాడు బాబాయ్.